డీకన్ వెనక వినిపించిన చప్పుడు

పెళ్లికి ముందు గుంటూరులో, తర్వాత ఇల్లినాయ్‌లో, నా ఉద్యోగమంతా ఐసీయూల్లోనే గడిచింది. పోయినవాళ్ల కళ్లు మూసిన చేతులివి. ఖాళీ మంచం దగ్గర అలారం మోగితే తోటి నర్సులు గుండెల మీద శిలువ గుర్తు వేసుకునేవారు. నేను వైరు ఊడిందేమో చూసేదాన్ని. ప్రతిసారీ వైరే ఊడి ఉండేది. ఇది చదివాక నాకు చాదస్తం అనుకుంటే అనుకోండి గానీ, దయ్యాలంటూ పక్కవాళ్లని బెదరగొట్టే రకాన్ని మాత్రం కాదు.

అది 2011 వేసవి. మేం ఇల్లినాయ్‌లోని అరోరా అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా అమ్మాయి షారోన్‌కి అప్పుడు పదిహేనేళ్లు. దానికి గుర్రాల పిచ్చి. మా చర్చిలో ఒకావిడ, నెబ్రాస్కాలో పిల్లలకి ఒక వేసవి క్యాంపు ఉందని, పొద్దున బైబిలు, ఆ తర్వాత గుర్రాలు అని చెప్పింది. నేను మన వీబీఎస్, అదే చర్చిలో వేసవి సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిలు బడి, లాంటిదే అనుకున్నాను. యాక్షన్ సాంగులు, కంఠత వాక్యాలు, ఆఖరి రోజు సర్టిఫికెట్టు, మధ్యలో ఎవరో గుర్రాన్ని పట్టుకుని నడిపిస్తే పిల్లలు దాని మీద కూర్చుని ఫోటో దిగడం. పేరులో కౌబాయ్‌ల రోడియో అని ఉంటే పిల్లల్ని ఆకట్టుకోవడానికి పెట్టారనుకున్నాను.

తీరా వెళ్లి చూస్తే ఎద్దులున్నాయి. మీసాలు కూడా రాని పిల్లలు వాటి మీద కూర్చుని ఎగిరెగిరి పడుతున్నారు. ఇంకోపక్క తాడు విసిరి దూడల్ని పట్టడం నేర్పుతున్నారు. అందరూ టోపీలు తీసి, మట్టిలో మోకాళ్లూని ప్రార్థన చేశాకే ఏదైనా మొదలయ్యేది. ఫస్ట్ ఎయిడ్ నర్సుగా పనిచేస్తానని ముందే మాటిచ్చాను కాబట్టి ఉండిపోయాను. లేకపోతే షారోన్‌ని చెవి పట్టుకుని కారెక్కించి ఉండేదాన్ని.

దేవుడి దయవల్ల షారోన్ ఎద్దుల జోలికి పోలేదు. అది ఎంచుకున్నది బ్యారెల్ పందెం. మైదానంలో మూడు పెద్ద డ్రమ్ములు ముక్కోణంలా పెడతారు. గుర్రం ఒక ఇరుకు సందులోంచి లోపలికొచ్చి, ఒక్కో డ్రమ్మునీ చుట్టి, అదే సందులోంచి బయటికి పోవాలి. వినడానికి తేలికే.

దానికిచ్చిన గుర్రం పేరు డీకన్. ముసలిది, సాధువే. కానీ ఏళ్ల తరబడి పందేల్లో పరిగెత్తి విసిగిపోయి, ఆ సందు మొహం చూస్తే చాలు, కాళ్లు బిగబట్టి నిలబడిపోయేది. నేర్పించే మిస్ కారల్ ఆ క్యాంపులో కొరడా అనే మాటే ఎత్తనివ్వదు. ఓపిక పట్టు, అదే వెళ్తుంది అనేది. షారోన్ ఓపిక పట్టింది. రోజూ అందరూ తినడానికి పోయాక కూడా దాన్ని సందు దాకా తీసుకెళ్లి, మెడ నిమిరి, నిలబడి, వెనక్కి తీసుకొచ్చేది. గుర్రం మాత్రం సందులో ఒక్క అడుగు వెయ్యలేదు.

గురువారం డీకన్ గబాలున వెనక్కి నడిచింది. షారోన్ జారి కింద పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. గాయం కడిగి కట్టు కట్టాను. గుర్రం మీంచి పడి తలకి దెబ్బ తగిలినవాళ్లు మా వార్డులో ఎలా ఉంటారో నాకు తెలుసు. అక్కడే తేల్చి చెప్పేశాను. రేపు ఆఖరి రోజు. ఎవరి సాయం లేకుండా పందెం పూర్తి చేస్తే సరే, లేదంటే ఈ గుర్రాల గొడవ ఇంతటితో ఆఖరు.

"ఫైన్ మమ్మీ. నేను చేస్తాను" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మొండితనంలో అచ్చం మా పుట్టింటి పోలిక.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం, మంచి ఎండ. తల్లిదండ్రులంతా బల్లల మీద కూర్చున్నారు. నేను ఫస్ట్ ఎయిడ్ పెట్టెతో సందుకి దగ్గర్లో, కంచె అవతల కుర్చీలో ఉన్నాను. షారోన్ వంతు వచ్చింది. మిస్ కారల్ డీకన్ మెడ మీద చెయ్యేసి ప్రార్థన చేసి పక్కకి తప్పుకుంది. డీకన్ సందు దాకా వచ్చింది. ఆగిపోయింది.

షారోన్ మడమలతో తట్టింది. బుజ్జగించింది. గుర్రం కదలదే. మైకులో పేర్లు పిలిచే ఆయన ఏవో జోకులేసి కాలక్షేపం చేస్తున్నాడు. బల్లల మీద గుసగుసలు మొదలయ్యాయి. ఇక లాభం లేదని మిస్ కారల్ తాడు తీసుకుని ముందుకొచ్చింది. తాడు కడితే చిన్నపిల్లల్ని తిప్పినట్టు అందరి ముందూ నడిపించుకుపోవడమే. షారోన్ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. దాని మొహం కందగడ్డలా ఉంది.

"నో మేడమ్. ప్లీజ్. నేనే తీసుకెళ్తాను" అని ఇంగ్లీషులో అరిచింది. అంతవరకూ అది ఓడిపోతే ఇంటికెళ్లి నిశ్చింతగా ఉండొచ్చనుకున్నదాన్ని, ఆ క్షణంలో మాత్రం ప్రభువా, ఆ గుర్రాన్ని కదిలించు అని వేడుకున్నాను.

అప్పుడు వినిపించింది. టకటకటకటక.

అదేమిటో నా బుర్రకంటే ముందు నా ఒంటికి తెలిసింది. ఎప్పుడో పోయిన మా తాత యేసోబు తెనాలి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. గుర్రాన్ని ఏనాడూ కొట్టలేదు. చర్నాకోల తిరగేసి, దాని కర్రని తిరుగుతున్న చక్రం ఆకులకి, అదే లోపలి కర్ర ఊచలకి, ఆనించేవాడు. కర్రకి కర్ర తగిలి టకటకమనేది. ఆ చప్పుడికి గుర్రం తనంతట తనే పరుగందుకునేది. చిన్నప్పుడు ముందు చెక్క మీద ఆయన పక్కన కూర్చుని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ చప్పుడు నేను ఇంకే చప్పుడుతోనూ పొరబడను.

అది డీకన్ వెనక నుంచి వచ్చింది. అక్కడ ఎవరూ లేరు. ఎండిన గడ్డి ఉంది, అంతే. డీకన్ చెవులు రెండూ వెనక్కి తిరిగాయి. బిగబట్టిన కాళ్లు వదులయ్యాయి. తల దించుకుని సందులోకి నడిచింది, ఆ వెంటనే చిన్న పరుగులో లోపలికెళ్లింది. మిగతా పిల్లల గుర్రాలు దూసుకుపోయినట్టు కాదు, బండికి కట్టిన గుర్రంలా ఒకే వరసలో అడుగులేస్తూ.

చప్పుడు సందు దగ్గర ఆగిపోలేదు. గుర్రం వెనకే మైదానంలోకి వెళ్లింది. మొదటి డ్రమ్ము తిరిగారు, చప్పుడూ తిరిగింది. రెండో డ్రమ్మూ అంతే. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు. మూడో డ్రమ్ము దగ్గరికొచ్చేసరికి అది ఠక్కున ఆగిపోయింది. డీకన్ కూడా తడబడి నెమ్మదించింది. షారోన్ పళ్లు బిగించి, కళ్లెం లాగి, మడమలతో అదిలించి దాన్ని డ్రమ్ము చుట్టూ తిప్పుకుని బయటికొచ్చేసింది. పట్టిన టైము చూస్తే అందరికంటే ఆఖరున వచ్చింది. ఆ రోజు చప్పట్లు ఎక్కువ పడింది మాత్రం దానికే. నేను చంటిపిల్లలా ఏడ్చాను.

తర్వాత నేను చెయ్యాల్సిందంతా చేశాను. అక్కడ కర్ర చక్రం ఉందేమోనని వెతికాను. గేటు దగ్గర అలంకారానికి ఒకటుంది, అది కదలకుండా మేకులు కొట్టేశారు. కంచె అంతా ఇనుప గొట్టాలు. ఒక పుల్ల తీసుకుని వాటి మీద రాస్తూ నడిచాను. ఖంగుఖంగుమంది గానీ ఆ చప్పుడు రాలేదు. మిస్ కారల్‌ని అడిగితే తను ఏ చప్పుడూ వినలేదంది. డీకన్ ఎప్పుడైనా బండి లాగిందా అంటే, పుట్టినప్పటి నుంచీ పందేల గుర్రమే అంది.

వేరే పిల్ల తల్లి వీడియో తీసింది. ఇంటికొచ్చాక మెయిల్‌లో పంపింది. నేనూ మావారూ సౌండ్ పెంచి ఎన్నోసార్లు చూశాం. గాలి, జనం, మైకు. అంతే. కానీ డీకన్ చెవులు వెనక్కి తిరగడం అందులో స్పష్టంగా ఉంది. అదే క్షణంలో షారోన్ కూడా భుజం మీదుగా వెనక్కి చూసింది.

మావారు, టెన్షన్‌లో ఏదో విని ఉంటావులే అన్నారు. మా పాస్టరుగారు దేవదూత సాయం చేశాడన్నారు. దేవదూతకి జట్కా తోలడం ఎక్కడ నేర్పారండీ అని అడుగుదామని నోటిదాకా వచ్చింది, పెద్దాయనని ఊరుకున్నాను.

ఇదంతా నా భ్రమ అని నేనూ సరిపెట్టుకునేదాన్నే, క్యాంపు నుంచి తిరిగొచ్చే దారిలో జరిగింది లేకపోతే. అయోవా మొక్కజొన్న చేల మధ్య నుంచి వస్తున్నాం. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకుని నోరు కుట్టేసుకుని డ్రైవ్ చేస్తున్నాను. యేసోబు తాత జట్కా సంగతి షారోన్‌కి అప్పటికి తెలియదు. ఆయన పేరు తెలుసు, అంతే. పక్క సీట్లో ఉన్న పిల్ల చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది.

"మమ్మీ, నా వెనకాల స్టిక్‌తో సౌండ్ చేసింది ఎవరు?"

స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. "ఏ సౌండు?" అన్నాను.

"టక్ టక్ టక్ అని, ఫాస్ట్‌గా. డీకన్‌కి అది బాగా నచ్చింది. నాతో పాటే వచ్చింది మమ్మీ, అంతా. కానీ థర్డ్ బ్యారెల్ దగ్గర స్టాప్ అయిపోయింది. అక్కడ్నుంచి నేనే చేశాను. నేను ఒక్కదాన్నే. నువ్వు చూశావా?"

ఎవరు చేశారన్నది పక్కన పెట్టి, రెండోదానికి జవాబు చెప్పాను.

"చూశాను తల్లీ" అన్నాను. "మళ్లీ ఏడాది కూడా వెళ్దువుగాని."