గంగులప్ప సార్ ఓడగొట్టని మ్యాచ్

పోయిన నెలలో పుంగనూరుకు కాలేజీ పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ చూడడానికి వెళ్ళాను. వేకువన వాన పడింది. తడిమట్టి మీద అప్పుడే గీసిన సున్నం గీతల వాసన ముక్కుకు తగలగానే గంగులప్ప సార్ గుర్తొచ్చారు. మదనపల్లెలో మా కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్ ఆయన, మాకు ఆట నేర్పినవారు. పక్కనే కూర్చున్న పాత జట్టు మిత్రుడు శంకర ఎవరితోనో అంటున్నాడు: "మా సారు దేవుడప్పా. కానీ మెత్తనోడు. ఆ మెత్తదనంతోనే కుప్పంలో ఫైనల్ పోగొట్టినాడు." ఇరవై ఏడేళ్ళుగా తిరుగుతున్న మాట అది. పుట్టించింది నేనే. అది నిజం కాదు.

మా కాలేజీకి పదకొండు జతల బూట్లే ఉండేవి. బెంచీ మీద కూర్చునే రిజర్వు వాళ్ళకు వేరే జతలు లేవు. అందుకని సార్ కాలి కొలతను బట్టి జోడీలు కట్టారు. ఆటలోంచి వచ్చేవాడు గీత దగ్గర బూట్లు విప్పి, లోపలికెళ్ళే తన జోడీకి ఇవ్వాలి. నా జోడీ రెడ్డెప్ప. పెద్దమండ్యం వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. స్కోరు ఎంతైనా సరే, చివరి పావుగంటలో ఒక రిజర్వు ఆటగాడైనా దిగాలన్నది సార్ నియమం. నాకు అది గిట్టేది కాదు.

"గెలిచే మ్యాచ్‌లో వాళ్ళను దించేది యాల సార్?" అని ఒకసారి అడిగాను.

సార్ బంతికి గాలి కొడుతూనే అన్నారు: "వాడు తెల్లారి అయిదుకే లేసి పరిగెత్తేది యాలరా? నువ్వు గోలు కొడితే సప్పట్లు కొట్టేదానికా?"

కుప్పం ఫైనల్లో నేను కొట్టిన గోలుతో మేము ఒక గోలు ముందున్నాం. పావుగంట మిగిలి ఉండగా సార్ నా వైపు చెయ్యెత్తారు. ఫైనల్లో కూడానా! ఒళ్ళు మండిపోయింది. గీత దగ్గర ఆగకుండా, బూట్లతోనే నేరుగా కొళాయి దగ్గరికి నడిచాను. రెడ్డెప్ప ఉత్తకాళ్ళతో నా వెనకే పరిగెత్తుకొచ్చాడు.

"అప్పా, బూట్లియ్యప్పా. రెఫరీ పిలస్తాండాడు."

"ముడి పడిపోయింది. రావడంలే."

ముడి లేదు, ఏమీ లేదు. వాడు ఒక్క క్షణం నా కాళ్ళ వైపు చూసి వెనక్కి పరిగెత్తాడు. అలాగే ఆడాడు. బురదలో వాడు జారిన చోటి నుంచే మా మీద మొదటి గోలు పడింది. ఆఖరి నిమిషంలో ఇంకొకటి. తిరుగు బస్సులో అందరికీ వినబడేలా అన్నాను: "ఆడేవాణ్ణి తీసి, ఆడలేనోణ్ణి దించితే ఇంతే." ముందు సీట్లో సార్ తల తిప్పలేదు. కాలేజీ పెద్దలు అడిగినప్పుడు కూడా "వాణ్ణి దించింది నేను, ఓటమి నాది" అని ఊరుకున్నారట.

తర్వాత పుంగనూరులో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడాం. ఆ రోజు రెడ్డెప్ప జట్టులో, నేను బెంచీ మీద. గంటకు పైగా కూర్చుంటే బెంచీ ఎంత గట్టిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. చివరి పావుగంటకు సార్ నన్ను లేపారు. రెడ్డెప్ప అప్పటికే గీత మీద కూర్చుని లేసులు లాగేస్తున్నాడు.

"లోపల తడిగా ఉండాయి, సూసుకో" అంటూ రెండు బూట్లూ నా చేతికిచ్చాడు.

సార్ వంగి, నాకు మాత్రమే వినబడేలా అడిగారు: "ముడి లేకుండా ఇచ్చినాడా?"

నేను వంగి బూట్లు తొడుక్కున్నాను. "సరే, పో, ఆడు" అన్నారు.

అంటే ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఆ ఏడాది చివర కుప్పం ఓటమి సాకుతో కాలేజీ పెద్దలు జట్టును ఆయన చేతుల్లోంచి తీసి ఇంకొకరికి అప్పగించారు. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. పైగా స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి సర్టిఫికెట్ కావాలని ఆయన దగ్గరికే వెళ్ళాను. 'క్రీడాస్ఫూర్తి' అన్న చోట ఆయన కాసేపు పెన్ను ఆపి, "బాగుంది" అని రాసి సంతకం పెట్టారు. "రాసినాను. ఇంక నీ ఇష్టం" అన్నారు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ కాగితం పెట్టిందే. నా ఆఫీసులో కొత్తవాళ్ళకు పని అప్పగించే ప్రతిసారీ ఆ ఆగిన పెన్ను కళ్ళ ముందుకొస్తుంది. మిగతావాళ్ళు వద్దన్నా ఆ కొత్తవాళ్ళకే అప్పగిస్తాను.

సార్ పోయి రెండేళ్ళయింది. పోయిన నెల పుంగనూరులోనే శంకరకు ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇన్నేండ్లూ యాల సెప్పలేదప్పా?" అన్నాడు. ఇది రాసే ముందు రెడ్డెప్పకు ఫోన్ చేశాను. ఇప్పుడు శాంతిపురంలో ఉంటున్నాడు.

"రాసుకోప్పా" అని నవ్వాడు. "కానీ నేను జారింది గూడా రాయి. బూట్లు ఉన్నా జారేవాణ్ణేమో, ఎవరికి తెలుసు?"

రాశాను. జారింది రెడ్డెప్పే. వాణ్ణి ఉత్తకాళ్ళతో బురదలోకి పంపింది నేను. గంగులప్ప సార్ చేసిన తప్పు ఇందులో ఏదీ లేదు.