ఇటుక పెట్టకముందే నడిచి చూసిన ఇల్లు

జగ్గయ్యపేటలో జీవరత్నం మేస్త్రీ అంటే తెలియని సిమెంటు కొట్టు లేదు. వత్సవాయి బడిలో ఏడో తరగతి దాకా చదివి తాపీ పట్టినవాణ్ణి. గరికపాడు దగ్గర హైవే మీద లారీలు ఆగే డాబాల్లో రెండింటికి స్లాబు వేసింది నేనే. వత్సవాయిలో మా ప్రార్థన మందిరం గంట స్తంభం నా చేతిదే. ఈ చుట్టుపక్కల నేను ఎత్తిన వాటర్ ట్యాంకులు ఇప్పటికీ నిటారుగా నిలబడి ఉన్నాయి. నా పనులు ఎవరైనా వెళ్లి తట్టి చూసుకోవచ్చు. మా కోడలు పరిమళ పని అలా తట్టి చూసేది కాదు. అందుకే ఆ పిల్ల గురించి కాగితం మీద పెడుతున్నాను.

పరిమళది రెడ్డిగూడెం. వాళ్లమ్మ లూర్దమ్మ మిరప కోతలకు వెళ్తూనే పిల్లను పాలిటెక్నిక్‌లో సివిల్ చదివించింది. మా అబ్బాయి శాంతికుమార్‌ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పెళ్లయి వచ్చిన కొత్తలో పరిమళ ఒక ప్లాను గీసి తెచ్చి నా ముందు పరిచింది.

"ఇందులో తప్పేంటో చెప్పండి మావయ్యా."

"మెట్ల కింద తల తగులుద్ది."

"చూడగానే ఎలా కనిపెట్టారండీ?"

"నా తల చాలా మెట్ల కింద తగిలిందమ్మా."

అప్పటినుంచి ఏ ప్లాను గీసినా ముందు నా దగ్గరకే వచ్చేది. పని బాగుండేది. కానీ అవన్నీ వేరే ఇంజనీర్ల పేరు మీదే పోయేవి. తన పేరుతో ఒక్క ఇల్లయినా లేవాలని పిల్లకు కోరిక. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, దారిలో కొత్త ఇల్లు కనబడితే చాలు, ముందు ఎవరి బోర్డు కట్టారో చదివేది.

ఒకరోజు పెట్టెలో స్పాంజి మధ్య పెట్టి ల్యాప్‌టాప్ వచ్చింది. మూత తీయగానే మీటలన్నీ ఎరుపూ పచ్చా నీలమూ వెలిగాయి.

"ఏంటమ్మా ఇది, క్రిస్మస్ స్టారా?" అన్నాను.

"గేమింగ్ ల్యాప్‌టాప్ మావయ్యా."

"ఆటలాడుకునేదా! ఈ సంగతి మీ అత్తయ్యతో అనకు."

అసలు సంగతి తరవాత తెలిసింది. ఆటల్లో మనుషులూ కార్లూ పరిగెత్తే వీధుల్ని చూపించాలంటే యంత్రానికి చాలా బలం కావాలట. ఇంటిని గదులతో సహా గీసి, అందులో మనిషి నడిచినట్టు చూపించడానికీ అదే బలం కావాలట. తన చాకిరీ డబ్బులతోనే కొనుక్కుంది. నేనింకేం మాట్లాడను?

ఇక నందిగామ సంగతి. అక్కడ షాహిదాబీ గారని పెద్దావిడ. భర్త పోయాక చెప్పుల కొట్టు కొడుకు షబ్బీర్ చేతికిచ్చి, పాత పెంకుటిల్లు తీసేసి కొత్తది కట్టుకోవాలని అద్దె ఇంట్లోకి మారారు. కొట్టుకు నేనే అరుగు వేశాను కాబట్టి, పరిమళ పేరు వాళ్ల చెవిన వేసి, స్థలం కొలతలు తెచ్చి పిల్లకిచ్చాను. షబ్బీర్ అప్పటికే విజయవాడ ఇంజనీరు ఒకాయన దగ్గర కట్టబోయే ఇంటి రంగుల ఫొటోలు తీసుకుని ఉన్నాడు.

"సాయంత్రానికి ఆయనకి మాటిచ్చేస్తాం మేస్త్రీగారూ. ఈలోపు మీరు చూపించేదేదో చూపించండి," అన్నాడు మేం ల్యాప్‌టాప్‌తో వెళ్లగానే.

షాహిదాబీ గారు మంచం మీద మోకాళ్లు నొక్కుకుంటూ అన్నారు: "ఆయన ఫొటోలు పెళ్లి కార్డుల్లాగా ఉన్నయ్యిరా. నా ఇల్లు నేను నడిచి చూసుకోవాల."

ఆ రోజు వాళ్ల వీధిలో లైన్ల పని జరుగుతోంది. కరెంటు లేదు. పరిమళ బస్సులో వస్తూ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని చివరి మార్పులు చేసింది. చార్జింగు పొదుపుగా ఉంటుందని చిన్న గ్రాఫిక్స్ మీదే నడిపించింది. ఆ యంత్రంలో బొమ్మ చూపించేవి రెండున్నాయి. లోపలే కలిసి ఉండే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ చిన్నది. దాని తిండి తక్కువ. విడిగా అమర్చిన డెడికేటెడ్ గ్రాఫిక్స్ పెద్దది. అది చార్జింగు తాగేస్తుంది.

పరిమళ ల్యాప్‌టాప్‌ను స్టూలు మీద పెట్టి మొదలుపెట్టింది. తెర మీద గేటు తెరుచుకుంది. వరండా వచ్చింది. అడుగు ముందుకు పడగానే బొమ్మ ఆగింది, ఎగిరింది, మళ్లీ ఆగింది. గోడలు గతుకుల్లో పోయే బస్సులాగా కుదుపులు పడ్డాయి.

షాహిదాబీ గారు మంచం పట్టె గట్టిగా పట్టుకున్నారు. "ఏందమ్మాయ్, ఇల్లు ఊగుతుంది?"

"ఇల్లు కాదమ్మా, బొమ్మ ఆగి ఆగి వస్తోందండి."

"బొమ్మలోనే ఊగింది, కట్టినాక నిలబడుద్దా? కొత్తింట్లో మొదటి అడుగే వణికింది. నాకొద్దు తల్లీ."

షబ్బీర్ నవ్వాడు. "అందుకే ఫొటోలు మేలని నేనన్నది. అవైతే కదలవు."

బేరం పోయిందనుకున్నాను. పరిమళ మాత్రం వదల్లేదు. పెద్దావిడ పక్కన మంచం మీదే కూర్చుంది.

"అమ్మా, మీరు చాయ్ దేని మీద పెడతారు?"

"గ్యాసు మీద."

"మరి షబ్బీర్ గారి పెళ్లికి బిర్యానీ?"

"గ్యాసు మీదెట్టా అవుద్ది? గాడిపొయ్యి తవ్వించి కట్టెలు పెట్టాం."

"ఇందులోనూ ఆ రెండూ ఉన్నాయండి. నేనిప్పుడు చాయ్ పొయ్యి మీద బిర్యానీ గుండిగ పెట్టా. ఊగింది మీ ఇల్లు కాదమ్మా, నా పొయ్యి చాలలేదు."

షాహిదాబీ గారు తెర వంక చూశారు. "మరి పెద్దది అంటించు."

"అంటిస్తే కట్టెలు తొందరగా అయిపోతాయి. కరెంటు లేదుగా. వంటిల్లు దాకా ఖాయం, మేడ దాకా చెప్పలేను."

"వంటిల్లు చాలు. అంటించు."

అంటించడానికి ల్యాప్‌టాప్‌ను ఒకసారి ఆపి మళ్లీ తెరవాలట. పరిమళ పెద్దదానికి మార్చి మీట నొక్కింది. తెర నల్లబడింది. షబ్బీర్ ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. అది మంచి లక్షణం కాదు. నేను గొంతు సవరించుకున్నాను. డాబాల స్లాబుల దగ్గర మొదలుపెట్టి నా పనులు చెప్పుకుంటూ, గంట స్తంభం మీదుగా ట్యాంకుల దాకా వచ్చాను.

"మా వీధి చివర ట్యాంకు కూడా మీరేనా?" అన్నారు షాహిదాబీ గారు.

"నేనేనండీ!"

"అది కారుద్ది గదయ్యా."

"కారేది పైపండీ, ట్యాంకు కాదు. పైపు వేసింది వేరేవాళ్లు."

"ప్రతి మేస్త్రీ ఇదే మాటంటాడు."

షబ్బీర్ ఫోను జేబులో పెట్టి నవ్వాడు. ఇంతలో ల్యాప్‌టాప్ లోపల ఫ్యాను బుస్సుమని లేచింది. "పొయ్యి అంటుకుంది," అన్నారావిడ.

ఈసారి గేటు నీళ్లలో పడవలాగా జరిగింది. వరండా, హాలు, నమాజుకు విడిగా పెట్టిన చిన్న గది, ఒకదాని వెంట ఒకటి మెత్తగా వచ్చాయి. కిటికీలోంచి ఎండ గచ్చు మీద పడింది. షాహిదాబీ గారు తెలియకుండానే పాదాలు కదుపుతున్నారు. వంటింట్లోకి రాగానే చెయ్యెత్తారు.

"ఆగు. ఇప్పుడు నేనిక్కడ కింద కూచున్నాననుకో."

పరిమళ చూపును కిందికి దించింది. కూర్చున్న మనిషి కంటికి కనబడేంత ఎత్తుకు. ముందర గోడ వచ్చింది. దాని మీద కిటికీలో ఆకాశం ముక్క.

"కింద కూచుని ఉల్లిపాయలు కోసుకుంటా. గేటులో ఎవరొచ్చారో కనపడాల. ప్రతిసారీ లేవడం నా వల్ల కాదు."

పరిమళ తెర మీదకు వంగింది. వంట గట్టు లేని వైపు గోడలో కిటికీని కిందికి లాగింది. ఆకాశం తప్పుకుని గేటు కనబడింది. గేటు పక్కన వేపచెట్టు కూడా. నేను ఎన్నో కిటికీలు నిలిపాను గానీ, ఇంటావిడ మంచం మీద కూర్చుని ఉండగా ఆమె ఇంట్లో కిటికీ అలా దిగడం ఎప్పుడూ చూడలేదు.

షాహిదాబీ గారు ముందుకు వంగి గేటు చూసుకున్నారు. తరవాత, "పద," అన్నారు.

రెండు మెట్లు ఎక్కామో లేదో తెర ఆరిపోయింది. ఫ్యాను కూడా ఆగింది. పరిమళ మీట నొక్కి చూసింది, వెలగలేదు.

"మేడ చూడనే లేదు," అన్నాడు షబ్బీర్.

"ఆ మెట్లు నేనెట్టా ఎక్కుతాన్రా? మేడ నీది, కరెంటొచ్చినాక నువ్వు చూసుకో. కింద ఇల్లు నాది, నేను చూసేసుకున్నా. ఆ విజయవాడాయనకి ఫోను చేసి వద్దని చెప్పు." పరిమళ వైపు తిరిగారు. "కూచో అమ్మాయ్, చాయ్ పెడతా. దానికి చిన్న పొయ్యి చాల్లే."

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సగం దారి దాటాక, "బోర్డు మీద నా పేరు ఏ రంగులో రాయిద్దాం మావయ్యా?" అంది. నీలం అన్నాను. కింద చిన్న అక్షరాల్లో నా పేరున్నా చాలన్నాను.

స్థలంలో పునాదికి ముగ్గు పోసిన రోజు నేను దారం పట్టుకున్నాను, పరిమళ టేపు పట్టుకుంది. నీలం అక్షరాల బోర్డు వేపచెట్టుకు కట్టి ఉంది. సున్నపు గీతల మధ్య షాహిదాబీ గారు ఎవరినీ అడగకుండా హాలు దాటి, వంటిల్లు వచ్చేచోట పీట వేయించుకుని కూర్చున్నారు. ఎదురుగా గోడ లేదు, కిటికీ లేదు. గేటు వైపు ఒకసారి చూసి కేకేశారు.

"ఒరే షబ్బీరూ, బండి గేటుకి అడ్డం పెట్టావు. తియ్యరా, వచ్చేవాళ్లు కనపడటం లేదు!"