ఎక్కువైన ఆంపియరు

మార్కాపురం పలకల కార్ఖానాలో కొండయ్య మేస్త్రీకి రెండు విద్యలు వచ్చు. రాయిని చూడగానే ఎక్కడ చీలుతుందో చెప్పడం ముప్పై ఏళ్ల విద్య. కరెంటు లెక్క ముప్పై రోజులది. కొత్తది కాబట్టి దాని మీదే ఆయనకు మోజు.

మద్రాసు నుంచి వచ్చిన ఫిట్టరు షెడ్డులోని కరెంటు బోర్డుకు ఆంపియర్ల మీటరు బిగించి, పోతూ పోతూ ఆ లెక్క నేర్పాడు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే కరెంటుకు ఎంత అడ్డుందో ఓముల్లో తేలుతుంది. గుణిస్తే ఎంత శక్తి ఖర్చవుతోందో వాట్లలో తేలుతుంది. షెడ్డులో ఉన్నవి పది బల్బులు. ఒక్కోటి అర ఆంపియరు లాగుతుంది, అన్నిటికీ అయిదు. మీటరు ముల్లు మాత్రం ఆరు దగ్గర నిలబడింది.

కొండయ్య పలకా బలపం తీశాడు. ఎక్కువైంది ఒక ఆంపియరు. కార్ఖానా ఇంజను పుట్టించే నూటపది వోల్టులను దానితో భాగిస్తే నూటపది ఓములు, గుణిస్తే నూటపది వాట్లు. సరిగ్గా రెండు బల్బుల లెక్క. ఎవడో రెండు బల్బులు దొంగతనంగా వెలిగిస్తున్నాడు.

ఎవడో ఏంది, ఇంజను నడిపే యేసుదాసే. మాలపల్లె మనిషి. పెళ్లాం మల్లమ్మతో షెడ్డు వెనక గదిలోనే కాపురం. కొండయ్య ఆ గది చుట్టూ మూడుసార్లు తిరిగి చూరు కింద వెతికాడు. తీగ కనపడలేదు. దాంతో అనుమానం తీరలేదు సరికదా, తీగను మట్టిలో పూడ్చాడని రూఢి అయింది. కిటికీకి గోనెపట్టా ఎందుకు కట్టినట్టు? యేసుదాసు నవ్వుతూ పలకరిస్తే మస్కా కొడుతున్నట్టుండేది, పలకరించకపోతే దొంగచూపులా ఉండేది.

పలక తీసుకెళ్లి సావుకారు లక్ష్మీనరసయ్యకు చూపించాడు. ఆయనకు ముక్క అర్థం కాలేదు కాబట్టి వెంటనే నమ్మాడు. శనివారానికి పనీ, గదీ రెండూ వదలమన్నాడు.

"నేను తియ్యలేదయ్యా," అని ఒక్కమాట అన్నాడు యేసుదాసు.

శనివారం సాయంత్రం యేసుదాసు కడసారి ఇంజను తిప్పాడు. అప్పటికే చట్టీలు, చాప బండికెక్కాయి. గది ఖాళీ అయింది, ఇక ముల్లు అయిదుకు దిగాలి. దిగలేదు. కొండయ్య నిచ్చెన వేసుకున్నాడు. బల్బులు ఒక్కొక్కటే విప్పాడు. పదీ విప్పినా ముల్లు ఒకటి దగ్గరే ఉంది.

బోర్డు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఆ నల్లరాతి బోర్డు ఆయన ఏరిందే. నడిమధ్యన ఇత్తడి రంగు లోహపు చార. చార మీద బలపం జారుతుందని అలాంటి రాయిని పలకలకు వాడరు. బోర్డు మీద రాసేదెవరని దాన్నే బిగించాడు. కరెంటు తీగలు బిగించిన రెండు బోల్టులూ ఆ చార మీదే కూర్చున్నాయి. ఇన్నాళ్లూ కరెంటు రాతిలోంచే పారుతోంది.

ఇంజను ఆపించి యేసుదాసును పిలిచాడు. "రాయే తాగుతుండాదిరా కరెంటు. తప్పు నాది. సావుకారుకు నేనే చెప్తా, సామాను దించుకో."

యేసుదాసు చేతులు తుడుచుకున్నాడు. "లెక్క బాగానే కట్టినారు మేస్త్రీ. నా గది పదడుగుల దూరం. ఒక్కసారి లోపలికొచ్చి చూసుంటే బల్బులుండాయో లేవో తెలిసేది గదా. ఇప్పుడన్నా వచ్చి చూడండి."

గది తలుపు బార్లా తీసి ఉంది. కొండయ్య సిగ్గుతో చచ్చిపోతూ అక్కడిదాకా నడిచాడు. ఎన్నడూ మాలవాళ్ల ఇల్లు తొక్కని ఆయన కాళ్లు గడప దగ్గర ఆగిపోయాయి.