మా కాక, ఆ పాత డిస్కు

మా కాక పోయాడని చిన్నమ్మ ఫోన్ చేసేటప్పటికి నేను ఏడో తరగతి పిల్లలకు భిన్నాలు చెబుతున్నాను. కంప్యూటర్ తెర మీద ముప్పై చిన్న గడులు. సగం గడుల్లో మొహాలు లేవు. మైకు ఆపి ఫోన్ ఎత్తాను.

"కాక లేడు బిడ్డా. పొద్దుగాలనే పోయిండట. ఆస్పత్రోళ్లు ఇప్పుడు చెప్పిన్రు" అంది చిన్నమ్మ.

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఆరు రోజులుగా కరోనా ఆస్పత్రి గేటు బయట కూర్చున్న మనిషి గొంతు అది. నేను పిల్లలకు ఈరోజుకు చాలని చెప్పి కంప్యూటర్ ఆపేశాను. ఆ వారంలో మా పేటలో అది నాలుగో చావు. ఏడవడానికి కూడా కొంత ఓపిక మిగిలి ఉండాలని నాకు అప్పుడు తెలిసింది.

ఆయన్ని ఇంటికి తేలేదు. చిన్నమ్మా, ఆమె తమ్ముడూ మాత్రం వెళ్ళి దూరం నుంచి చూసి వచ్చారు. నేను వెళ్ళలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా బాపుకు ఆయన తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ సూరత్ వచ్చారు. గుజరాతీలోనూ చిన్నాన్నను కాకా అనే అంటారు కాబట్టి సూరత్‌లో మేముండే గోడాదరా పేట మొత్తానికి ఆయన కాకే. ముప్పై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డాడు. తర్వాత కడోదరా దగ్గరి ఒక కార్ఖానాలో కంప్యూటర్‌తో డిజైన్లు నడిచే కొత్త మగ్గాలు పెట్టారు. ఆ కంప్యూటర్ ముందు కూర్చోవడానికి తోటివాళ్ళు భయపడితే, యాభై దాటిన మా కాక కూర్చున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. తెలియని మాట వస్తే నాకు ఫోన్ చేసి, దాని అర్థం నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవాడు. రెండేళ్ళలో మా చుట్టాల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఆయన్నే పిలిచే రోజు వచ్చింది.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. మా గల్లీలో పగలంతా ఉండే చప్పుడు లేకపోయేసరికి ముసలివాళ్ళకు నిద్ర పట్టేది కాదు. చాలామంది ఊళ్ళకు వెళ్ళిపోయారు. కాక వెళ్ళలేదు. "ఉన్న రెండు గదులు ఈడనే ఉన్నయి. ఏడికి పోవాలె?" అన్నాడు.

నా బడి ఇంట్లోకి వచ్చింది. నా దగ్గరున్నది బాపు కొనిచ్చిన పాత కంప్యూటర్. బాపు అప్పటికే చనిపోయి రెండేళ్ళు. ఆ కంప్యూటర్ పొద్దున బటన్ నొక్కితే, అన్నం వండి దించేసరికి తెరుచుకునేది. పాఠం మధ్యలో బిగుసుకుపోయేది. పిల్లలు "టీచర్, మీరు ఆగిపోయారు" అనేవారు. ఒకరోజు విసిగిపోయి, వేగం పెంచుతామని చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి నెట్ నుంచి దించుకున్నాను. అది తెర నిండా ఎర్ర అక్షరాలు చూపించింది. వందల తప్పులున్నాయట, బాగుచేయడానికి కార్డు నంబరు కావాలట. కార్డు చేతిలో పట్టుకునే కాకకు ఫోన్ చేశాను.

"జర ఆగు బిడ్డా. ముందు ఆ కార్డు లోపల పెట్టు" అన్నాడు. "మంచి డాక్టర్ ముందుగాల చూస్తడు, అటెన్క చెప్తడు. చూడకముందే బెదిరిచ్చేటోన్ని నమ్ముతమా?"

తర్వాత ఆయన నాకు కంప్యూటర్‌లో ఫైళ్ళన్నీ దాచే డిస్కు సంగతి చెప్పాడు. "ఒకటే చీర బట్టను నాలుగు ముక్కలు చేసి నాలుగు గోదాముల్ల పడేసినవనుకో. తెమ్మంటే ఎంతసేపు పడ్తది? నీ డిస్కుల గదే అయింది. ఒక్క ఫైలు పది తావుల ఉన్నది. ముక్కలన్నీ ఒక్క తాన చేర్చాలె."

ఆ పని చేసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి, ఏది పెట్టుకోవాలని అడిగాను. వారం ఆగమన్నాడు. పని లేని ఆ రోజుల్లో తన కంప్యూటర్‌లో మూడు రకాలు పెట్టి చూశాడు. ఒకటి తనతో పాటు అడగని సామానంతా తెచ్చి పెట్టింది. ఇంకొకటి రంగురంగుల గడులు చూపించింది కానీ సగంలో డబ్బులడిగింది. మూడోది బాగానే చేసింది. "అయినా ఏదీ వద్దు. కంప్యూటర్‌తోని వచ్చింది ఒకటి లోపలనే ఉన్నది, మనింటికి అది చాలు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వారం రోజులు దీనికా అన్నాను. "చూసినంక చెప్తున్న. చూడకుంట చెప్పలే" అన్నాడు.

మా గల్లీలో కేసులొచ్చాయని దారికి అడ్డంగా వెదురు కర్రలు కట్టేశారు. కాక ఉండేది అవతలి గల్లీలో కాబట్టి అంతా ఫోన్‌లోనే చేయించాడు. అవసరమైనవి ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీయించాడు. అక్కరలేనివి చెరిపించి డిస్కులో కాస్త ఖాళీ చేయించాడు, అటూ ఇటూ జరపడానికి జాగా లేకపోతే ఎవరూ సర్దలేరని. ముందు పరీక్ష మాత్రమే నడపమని, ముక్కలు నిజంగా ఎక్కువుంటేనే పని మొదలుపెట్టమని చెప్పాడు. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే మూడింటికి అయింది. మర్నాడు కంప్యూటర్ బియ్యం కడిగేలోపే తెరుచుకుంది. ఆయనకు చెబితే "మంచిది" అని, చిన్నమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గలేదని ఇంకేదో మాటలోకి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడాది కేసులు మళ్ళీ పెరగడం మొదలైన రోజుల్లో, కంప్యూటర్ మళ్ళీ మందగించింది. ఈసారి లోపల టక్కు టక్కుమని చప్పుడు. నాకు చేతనైన పనే కదా అని ముక్కలు చేర్చే పని మొదలుపెట్టి, మాటల్లో కాకకు చెప్పాను. ఫోన్ డిస్కు దగ్గర పెట్టమన్నాడు. పెట్టాను.

"ఆపు. ఇప్పుడే ఆపు. డిస్కు పోతున్నది. పోయే డిస్కుతోని గంత పని చేయిస్తె రేపటిదాంక ఉండది."

ఇంకో రెండు రోజుల్లో పిల్లలకు పరీక్షలు. మూడు రోజులుగా నిద్ర లేదు. "మగ్గాల చప్పుడు వేరే, ఇది వేరే కాకా. అన్నీ నీకే తెల్సినట్టు మాట్లాడకు" అన్నాను.

ఆయన "నన్ను తిట్టు, కానీ దాన్ని ఆపు బిడ్డా" అన్నాడు.

ఆపాను. మర్నాడు పొద్దున్నే రెండు మాస్కులు కట్టుకుని, కొత్త డిస్కు సంచిలో వేసుకుని నడిచి వచ్చాడు. గుమ్మం దగ్గర చేతులు కడుక్కుని, కిటికీలు తెరిపించి, నన్ను దూరంగా కూర్చోమన్నాడు.

"అన్నీ దక్కకపోవచ్చు. ఏది పోతే ఏడుస్తవో అది ముందు చెప్పు."

నా కూతురి మొదటి పుట్టినరోజు వీడియో అన్నాను. బాపు గొంతు ఉన్నది అదొక్కదానిలోనే. కాక ఆ ఫైలు వెతికి, కొత్త డిస్కులోకి తీసి, సరిగ్గా వచ్చిందో లేదోనని నడిపాడు. అందరూ కేకు చుట్టూ నిలబడి ఉన్నారు. కత్తి పట్టుకున్న నా చెయ్యి ఆపి బాపు అంటున్నాడు: "తమ్ముడు రాలే ఇంక. వాడు వచ్చినంక కోద్దాం."

అది అందులో ఉందని నాకు గుర్తే లేదు. కాక తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఇది దక్కింది. ఇంకేం కావాలె?" అన్నాడు.

సాయంత్రం దాకా ఆ పాత డిస్కుకు మధ్యమధ్య విశ్రాంతి ఇస్తూ, ఒక్కొక్కటీ బయటికి తీశాడు. నా పెళ్ళి వీడియో సగమే వచ్చింది. పిల్లల మార్కులు, పాఠాలు అన్నీ వచ్చాయి. నాలుగున్నరకు పాత డిస్కు ఇక పలకలేదు. కొత్తది బిగించి, "పాతదాని లెక్క దీంట్ల తిరిగే పళ్లెం లేదు. ముక్కలు చేర్చుడు దీనికి అక్కెరలేదు. చేస్తే ఊకె అరుగుతది. యాదికుంచుకో" అన్నాడు. ఆ పని నేర్పినవాడే ఇక వద్దని కూడా చెప్పి వెళ్ళాడు.

ముందు రోజు అన్న మాటకు ఏదైనా చెబుదామని గుమ్మం దాకా వచ్చాను. ఆయన చెప్పులు వేసుకుంటూ, మధ్యాహ్నం వేరే గదిలో కూర్చుని తిన్న రొట్టెలు మెత్తగా ఉన్నాయన్నాడు. నేను సరే అన్నాను. అంతే.

ఆయనకు జ్వరం వచ్చింది మా ఇంటి నుంచి వెళ్ళిన నెల దాటాకే అని చిన్నమ్మ నాకు ఇప్పటికి రెండుసార్లు చెప్పింది. నేను అడగలేదు. అడగలేనని ఆమెకు తెలుసు.

పాఠాలు ఇంకా అలాగే నడుస్తున్నాయి. కంప్యూటర్ ఎక్కడా ఆగడం లేదు. ఆయన గురించి ఎవరైనా అడిగితే నాకు ఆ సాయంత్రమే కళ్ళకు కడుతుంది. కర్ఫ్యూ వేళ దగ్గరపడి దుకాణాలు మూస్తున్నారు. మా కాక గల్లీ చివర మలుపు తిరగబోయి ఆగాడు. ముందుకీ వెనక్కీ చూశాడు. దగ్గర్లో మనుషులెవరూ లేరని నిర్ధారించుకుని, గోడ వైపు రెండడుగులు జరిగి, పొద్దున్నుంచి నా ముందు ఒక్కసారీ దించని మాస్కులు రెండూ గడ్డం కిందికి లాగి, తల కాస్త పైకెత్తి, తీరిగ్గా ఊపిరి పీల్చుకుంటూ నిలబడ్డాడు.