టపాకాయల పెట్టె మీద ఒక పూట

మోకాళ్ళు అరిగాయి, ఎక్కువ నడవొద్దన్నారు డాక్టరు. అప్పటినుంచి మా ఆయన కదలొద్దని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. ముప్పై ఏళ్ళు బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డ కాళ్ళివి, పక్షుల్ని చూడ్డానికి ఒక్క చెరువు గట్టు నడవలేవా? జనవరిలో ఒక శనివారం ఉదయం ఆరున్నరకు తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కేశాను.

ఏలూరులో ఇడ్లీ తిని, ఎనిమిదింటికి కైకలూరు బస్సెక్కాను. పక్క సీటావిడ, "పక్షుల కోసం ఒక్కరే వెళ్తున్నారాండీ?" అని రెండుసార్లు అడిగారు. అవునండీ అన్నాను, రెండుసార్లూ. కైకలూరు నుంచి ఆటోలో ఆటపాక చేరేసరికి పది.

గట్టు మీద బాట చదునుగా ఉంటుంది, తుమ్మచెట్ల నీడ. నాలాంటివాళ్ళు కూడా హాయిగా నడవొచ్చు. నీళ్ళలోని చెట్లనిండా గూడబాతుల గూళ్ళు. ఒక పిల్ల తన తల్లి గొంతు సంచిలో తల మొత్తం దూర్చి చేప తింటోంది. చూస్తూ నిలబడిపోయాను.

ఢామ్మని పేలింది. తల్లులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఈకలైనా రాని పిల్లలు గూళ్ళలో మిగిలాయి. గద్ద వచ్చి ఒకదాన్ని ఎత్తుకుపోయింది, నా కళ్ళముందే. నాకు ఒళ్ళు మండిపోయింది.

గట్టు పక్కనే చేపల చెరువు. చేపలకు దిగే పక్షుల్ని ఇక్కడ టపాకాయలతో తోలతారు. కాపలా మనిషి పెట్టెలోంచి ఇంకొకటి తీయబోతున్నాడు.

"ఆపండి బాబూ, అవతల పిల్లలున్నాయి."

"ఆపితే చేపలు మిగలవండీ. ఓనరు నన్ను మాన్పించేస్తాడండి."

పెట్టె మూతేసి దాని మీద కూర్చున్నాను.

"లేవండి మేడం గారూ."

"లేవలేను నాయనా, మోకాళ్ళు అరిగాయి. డాక్టరు చీటీ చూపించనా?"

తల గోక్కున్నాడు. పెద్దావిణ్ణి చెయ్యి పట్టి లాగలేడు కదా. గూళ్ళు లేని అవతలి గట్టున తిరుగుతూ రేకు డబ్బా కొట్టమన్నాను. గొణుక్కుంటూ వెళ్ళాడు. నేను కదిలితే ఒట్టు. తల్లులు ఒక్కొక్కటే గూళ్ళకు తిరిగొచ్చాయి.

ఒంటిగంటకు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "చేపలకు దిగేవి డబ్బాకీ లేచిపోతున్నాయండీ. నాకే కాళ్ళు లాగేస్తున్నాయండి."

"వచ్చే శనివారం మళ్ళీ వస్తాను. పిల్లలు ఎగిరేదాకా వస్తాను."

"మరి మిగతా రోజులోండీ?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మూడింటి బస్సులో మా ఆయన ఫోను. మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నారు. ఇన్నాళ్ళకు పనికొచ్చాయన్నాను.

చదివేవాళ్ళకు ఒక్క మాట. పెట్టె గట్టిదే, బరువు ఆపుతుంది. శనివారాలు నేనుంటాను, మిగతా ఆరు రోజులకు మనుషులు కావాలి. మోకాళ్ళు అరిగినవాళ్ళయితే మరీ మంచిది.