నల్లదారం కట్టిన సీసా

పొద్దున మందుల గది తాళం తీయకముందే కంపౌండర్ ఇస్రాయేలు వార్డులో మంచాల మధ్య ఒకసారి నడిచి, "ఇయ్యాల ఇంటికెవలు పోతుండ్రు?" అని అడుగుతాడు. కల్వకుర్తి వైపున్న ఆ చిన్న దవాఖానలో ఏళ్లుగా ఆయన అలవాటు ఇది. పోయేవాళ్లు తెచ్చుకున్న సీసాల్లో వాళ్లకు కావలసిన మందు కలిపి పోస్తాడు.

తాగే మందుకూ ఒంటికి రాసే మందుకూ వాళ్లు ఒకే రకం ముదురురంగు సీసాలు తెచ్చేవాళ్లు. చదువురానివాళ్లకు చీటీ అంటించి లాభం లేదని, రాసే మందు సీసా మెడకు ఆయన నల్లదారం కట్టేవాడు. "దారమున్నది తాగొద్దు" అని రెండుసార్లు చెప్పేవాడు.

1958 వానాకాలంలో గాలయ్య మూడేళ్ల మనవడు దగ్గుతో నాలుగు రోజులుండి, తాగడానికి తియ్యటి మందు సీసా, ఛాతికి రాసే మందు సీసా తీసుకుని ఇంటికి పోయాడు. మర్నాడు మధ్యాహ్నం గాలయ్య ఒక్కడే వచ్చాడు.

"సారూ, గా నల్లదారం ఇంకొకటియ్యరాదు."

"ఎందుకే, తెగిందా?"

"తెగలే. మా ఇంటామె విప్పి పిలగాని మొలకు కట్టింది, దిష్టి తగలకుండ. దవాఖాన దారమాయె, గట్టిగ పనిచేస్తదంటది. చిన్నపిల్లకు సుత గావాల్నట."

ఇస్రాయేలు చేతిలోని గరాటు బల్ల మీద పెట్టేశాడు. రాసే మందులో కర్పూరం, టర్పెంటైన్ ఉన్నాయి, తాగితే విషం. గాలయ్యను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బురదలో నాలుగు మైళ్లు తొక్కాడు.

గాలయ్య భార్య నర్సింగమ్మ గడపలోనే ఎదురైంది. తాగే మందు ఏదని అడిగితే ఒక సీసా తెచ్చి ఇచ్చింది. బిరడా తీయగానే టర్పెంటైన్ వాసన.

"ఎన్నిసార్లు తాగిపిచ్చినవమ్మా?"

"ఏడ తాగిపిచ్చుడు! పొద్దుగాల చెంచెడు పోస్తే నా మొఖం మీదనే ఉమ్మిండు. తాత లెక్కనే మొండోడు. నువ్వన్న జర చెప్పు సారూ. రాసే మందయితే మంచిగున్నది గని, పోరని ఛాతికి చీమలు పడుతున్నయి."

పిల్లవాడి పెదవులు కమిలి ఉన్నాయి. ఊపిరి మాత్రం సాఫీగానే ఆడుతోంది. ఇస్రాయేలు వాణ్ణి మళ్లీ దవాఖానకు తెచ్చాడు. ఆ రోజు ఉంచి చూసి, ఏమీ లేదని డాక్టరు పంపించేశాడు.

పోతూ పోతూ గాలయ్య, "ఇంటికాడ దాని సంగతి చెప్త" అన్నాడు.

"ఆమెనేమనకు. నల్లదారం ఎందుకు కడతరో నాకెరుక లేదా? పాదిరిదొర కంట పడకుండ మా అవ్వ నాకు సుత కట్టింది. తప్పు నాదే" అన్నాడు ఇస్రాయేలు.

ఇప్పుడు ఆ దవాఖానలో రాసే మందు సీసాలో ఇవ్వరు. ఇస్రాయేలు దాన్ని మైనంతో ముద్దగా కలిపి, రేకు డబ్బాలో పెట్టి ఇస్తాడు.