పెదవికి పూసిన వేలితోనే

పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒక మంగళవారం పొద్దున నా కింది పెదవి చివర చిమచిమలాడింది. కొత్తేం కాదు, ఏడాదికి రెండుసార్లు మూతి పేలుతుంది. మా నల్గొండ వైపు వేడి చేసిందంటారు, సబ్జా నీళ్ళు తాగి ఊరుకుంటారు. ఈసారి పొక్కు త్వరగా మానాలని ఎసైక్లోవిర్ క్రీమ్ తెచ్చుకున్నాను.

నాది దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న బ్యూటీ పార్లర్. ఐబ్రోస్ చేసేటప్పుడు దారం కొస పళ్ళతో బిగించి పట్టుకోవడం నాకు అలవాటు. ఒక కస్టమర్ లేచి ఇంకొకరు కూర్చునేలోగా వేలితో క్రీమ్ రుద్దుకుని, చేయి చున్నీకి తుడుచుకుని, మళ్ళీ దారం అందుకునేదాన్ని. చేతులు కడుక్కునే తీరిక నాకెక్కడిది అనుకునేదాన్ని.

నాలుగో రోజు కుడికన్ను ఎర్రబడింది. ఇసుక పడ్డట్టు ఒకటే గరగర. పెదవికి పనిచేసే మందు కంటికి మాత్రం ఎందుకు పనిచేయదని అదే క్రీమ్ రెప్ప లోపల పూశాను. భగ్గున మండింది. సాయంత్రం ఎల్బీ నగర్‌లో మెట్రో దిగేసరికి ఎదురుగా ఉన్న బోర్డు మసకబారింది.

ఇంటికి రాగానే మా ఆయన చూసి, “ఏందే, గట్ల నీళ్ళు కారుతున్నయ్? నడువ్, దవాఖానకు పోదాం” అని ఆటో తీశాడు.

డాక్టర్ కంట్లో రంగు చుక్క వేసి, నీలం లైటుతో చూశారు. “హెర్పీస్ అమ్మా, మూతి పేలేది కూడా ఈ వైరస్‌తోనే. కార్నియా మీద, అంటే నల్లగుడ్డు పైపొర మీద, పుండు పడింది. పెదవి మీద నుంచి చేతితో పాకి ఉండొచ్చు. కంట్లో ఏమైనా పూశారా?”

సిగ్గుపడుతూ ట్యూబు తీసి చూపించాను.

“ఇది చర్మానికండీ. కంటికి వేరే ఆయింట్‌మెంట్ ఉంటుంది.”

“చూపు మంచిగైతదా సార్?”

“మందు వాడి చూద్దాం. మచ్చ మిగిలితే మాత్రం చెప్పలేను.”

కన్ను పోతే నా పని పోయినట్టే. ఆ భయంతో నాలుగు రోజులు బుద్ధిగా మందు వాడాను. ఐదో రోజు ఎరుపు తగ్గగానే పార్లర్ తెరిచి, మందు మరిచాను. మసక మళ్ళీ వచ్చింది, డాక్టర్ గట్టిగా చీవాట్లు పెట్టారు. మానడానికి మూడు వారాలు పట్టింది. మచ్చ ఓ పక్కకు పడింది కాబట్టి చూపు దక్కింది.

మూతి పేలిన వారం వచ్చిన కస్టమర్లందరికీ ఫోన్ చేసి సంగతి చెప్పాను. చైతన్యపురి హాస్టల్‌లో ఉండే అమ్మాయి, “నాకేం కాలే అక్కా. గని, గా రోజే చెప్తే ఏమైతుండె?” అంది.

ఇప్పుడు దారం మెడకు వేసుకుని పనిచేస్తున్నాను. మూతి పేలితే పుండు చెక్కు రాలిపోయేదాకా ఐబ్రోస్ చేయనని మొహం మీదే చెప్పేస్తాను. రోజూ పొద్దున ఎడమకన్ను మూసి క్యాలెండర్‌లో చిన్న అక్షరాలు చదువుకుంటాను. ఇంకా భయమే.

మీరు చేయాల్సింది ఒక్కటే. ఈ క్రీమ్ పూసే ముందు, పూశాక సబ్బుతో చేతులు కడుక్కోండి. అరనిమిషం పని. నేను ఆ అరనిమిషానికే బద్ధకించాను.